లాభం అంటే ఒకటి

మొన్న బుధవారం నేతచీర మీద నీళ్లు చిలకరించి ఇస్త్రీపెట్టె ఆనించగానే తడినూలు వేడెక్కిన వాసన గుప్పున లేచింది. ఆపరేషన్ థియేటర్లో ఆవిరి డబ్బా మూత తీసినప్పుడు గుడ్డల మీంచి వచ్చే వాసన అదే. ముప్పై ఏడేళ్లు పీల్చాను. 1974 ఏప్రిల్‌లో నర్సుగా చేరాను, 2011లో రిటైరయ్యాను. ఆ వాసనతో పాటు నాకు గుర్తొచ్చే మనిషి డాక్టర్ రూతమ్మ గారు.

ఆవిడ చల్లపల్లిలో ఒక బడిపంతులు కూతురు. మా విజయవాడ ఆసుపత్రిలో ఆడ డాక్టర్లు అంతకుముందూ ఉన్నారు గాని అందరూ కాన్పులు చూసేవాళ్లే. కడుపు కోసి పేగు కుట్టిన మొదటి ఆడమనిషి ఈవిడ. 1965 నుంచి ఆరేళ్లు నైజీరియాలో పనిచేసి 1971లో ఇక్కడికి వచ్చారు. మరో రెండేళ్లకు సూపరింటెండెంటు అయ్యారు. అక్కడ ఆవిడకు పని నేర్పిన పెద్ద సర్జన్ ఆ దేశం మనిషే. అంతకుముందు దొరలు తప్ప ఎవరూ కూర్చోని కుర్చీలో కూర్చున్న తొలితరం వాడట. "ఆసుపత్రికంతటికీ పెద్ద అయినా, రోజూ పొద్దున్నే వచ్చి చేతులు కడుక్కునే సబ్బు ఉందో లేదో తనే చూసుకునేవాడు" అని ఆవిడ చెప్పేవారు. చెప్పి ఊరుకోలేదు, ఆవిడా చూసేవారు. సబ్బు లేని రోజు స్టోర్ గుమాస్తా ముఖం చూడాలి!

నేను చేరిన ఏడాది జూన్, మూడో సోమవారం. పామర్రు దగ్గర పల్లె నుంచి నాగేంద్రమ్మ అనే ఆవిణ్ణి మంచం మీద మోసుకొచ్చారు. గేదె కుమ్మింది. పైకి గాయం చిన్నదే గాని లోపల నెత్తురు పోతోంది. వరండాలో ఆమె భర్త రూతమ్మ గారిని చూసి చేతులు జోడించాడు.

"సర్జన్ గారు ఎప్పుడొస్తారమ్మా?"

"వచ్చారయ్యా. నీ ముందే ఉన్నారు. కాస్త తప్పుకుంటే లోపలికెళ్తారు."

థియేటర్లో పనిముట్లూ గుడ్డలూ అందించే పని నాది. నాకు ఇరవై ఒక్క ఏళ్లు, చేరి రెండు నెలలు. గోడనున్న నల్లపలక మీద లెక్క రాసేది ఖతీజా సిస్టర్. వన్ టౌన్ మనిషి, నాకన్నా పద్నాలుగేళ్లు సీనియర్. మొదట పది గుడ్డలు తనే లెక్కపెట్టి ఇచ్చి పలక మీద పది వేసింది. కడుపు తెరవగానే నెత్తురు పొంగింది. "గుడ్డ! ఇంకో గుడ్డ!" అన్నారు రూతమ్మ గారు. కొత్త కట్ట చింపి ఒకటి అందించాను. నియమం ప్రకారం లెక్క పైకి చెప్పే అందించాను.

పగిలిన ప్లీహం తీసేశారు. నెత్తురు కట్టింది. వాడిన గుడ్డలు బకెట్లోంచి తీసి లెక్కపెట్టాం. పది. పలక మీద పది. రూతమ్మ గారు సూదికోసం చెయ్యి చాపారు.

"పదకొండండీ," అన్నాను.

"పలక చూడవే పిల్లా, పది!" అంది ఖతీజా సిస్టర్.

తల దగ్గర కూర్చున్న మత్తు డాక్టరు గారు విసుక్కున్నారు. "బీపీ పడిపోతోందండీ. రెండు నెలల పిల్ల మాట పట్టుకుని కూర్చుంటే మనిషి దక్కదు. మూసెయ్యండి."

రూతమ్మ గారు చాపిన చెయ్యి దించి నా కళ్లలోకి చూశారు. "రత్నం, పదకొండోది ఇచ్చేటప్పుడు ఏమని చెప్పావు?"

"లాభం అన్నానండీ."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఖతీజా సిస్టర్ ముఖం పాలిపోయింది. "భయానికి ఏదో గొణుక్కుంటోందనుకున్నానండీ. అది లెక్కని నాకు తట్టలేదు."

మా నాన్న కళ్లంలో ధాన్యం కొలిచేవారని చెప్పాను. మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఆ తర్వాత రెండు, మూడు. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని లెక్క నేర్చుకున్నదాన్ని. కంగారులో కొత్త కట్టలో మొదటి గుడ్డ చేతికి రాగానే నోటికి అదే వచ్చింది. ఆ కట్టలోంచి రెండోది వాడే పని పడలేదు కాబట్టి, నా నోట అంకె అన్నదే రాలేదు.

రూతమ్మ గారు మళ్లీ చెయ్యి లోపల పెట్టారు. గోడ గడియారంలో నాలుగు నిమిషాలు. ఎడమవైపు పక్కటెముకల చాటునుంచి నెత్తురులో నాని, మాంసం రంగుకు తిరిగిన గుడ్డ బయటికి వచ్చింది. అది లోపలే ఉండిపోతే ఆ మనిషి చీము పట్టి చచ్చిపోయేది.

"పదకొండు," అన్నారు ఆవిడ. "ఇప్పుడు దారం ఇవ్వు."

బయటికొచ్చాక మత్తు డాక్టరు గారు నన్ను వార్డుకు పంపెయ్యమన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పులేదు, పొరపాటు నాదే. రూతమ్మ గారు రిజిస్టరు తీసి, జరిగింది పూసగుచ్చినట్టు రాసి, కింద తన సంతకం పెట్టారు. నా పేరు గాని ఖతీజా సిస్టర్ పేరు గాని అందులో లేదు.

"తప్పు చేసింది థియేటర్. థియేటర్ నాది," అన్నారు ఆయనతో. తర్వాత నా వైపు తిరిగారు. "ఒకటిని ఒకటే అనాలమ్మాయ్. కళ్లంలో మీ నాన్నకు కావలసిన లాభం వేరు. ఇక్కడ మనకు లాభమంటే ఆమె లేచి ఇంటికి నడిచి వెళ్లడం."

పన్నెండో రోజు నాగేంద్రమ్మ నడిచే వెళ్లింది. రూతమ్మ గారు నన్ను వరండాలోకి పిలిచి మరీ చూపించారు. ఆ రోజు నడక నేరుగా కాదు, గోడ పట్టుకుని, అయినా తన కాళ్ల మీదే. అప్పటినుంచి మా థియేటర్లో ఇద్దరు కలిసి గట్టిగా లెక్కపెట్టాలి. కుట్టేముందు లెక్క సరిపోయిందా అని అక్కడున్న అందరికన్నా చిన్నదాన్ని ముందు అడగాలి. 1980లో ఆవిడ రిటైరయ్యేదాకా ఒక్కసారి కూడా ఆ వరస తప్పలేదు. నా రోజువారీ పుస్తకాలున్నాయి, చూసుకోవచ్చు.

ఆవిడ చనిపోయిన రెండేళ్లకు, 1993లో, నేను థియేటర్ ఇన్‌చార్జిని. ఒక రోజు కొత్తగా చేరిన పిల్ల "ఒకటి తక్కువుందండీ" అంది. సర్జన్ గారు దారం ఇమ్మన్నారు. నేను ఇవ్వలేదు. "ముందు ఆ అమ్మాయి లెక్క తేల్చుకుందామండీ" అన్నాను. ఆరు నిమిషాలు వెతికాం. పొరబడింది ఆ పిల్లే. గుడ్డ బకెట్ అడుక్కి అంటుకుని ఉంది. ఆయన నన్ను కాల్చేసేలా చూశారు. పిల్ల ఏడుపు మొదలెట్టింది.

చేతులు కడుక్కునేచోట దాని భుజం పట్టుకుని చెప్పాను. "రేపు అనుమానం వచ్చినా ఇలాగే గట్టిగా చెప్పు. దారం నా దగ్గరే ఉంటుంది."