ఖాళీ రోట్లో దంపుడు

రెండువేల సంవత్సరం వచ్చింది. కంప్యూటర్లేవీ కూలిపోలేదు, నా కాంట్రాక్టు మాత్రం అయిపోయింది. ఒక బ్యాంకు ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేసి సరిచేసి, ఇప్పుడు ఈ పరాయిదేశపు క్లేటన్‌లో అద్దె ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాను. అప్పుడు ఫోన్ చేశారు మా తెలుగు సంఘం పెద్దాయన. ఊరందరికీ ఆయన అంకుల్.

"ఖాళీగానే ఉన్నావు కదమ్మా. యూనివర్సిటీలో పాత డాక్యుమెంటరీలు వేస్తున్నారు, తర్వాత మన కల్చరల్ ప్రోగ్రాం. నువ్వు ముగ్గెయ్యాలి. కంప్యూటర్ డిపార్ట్‌మెంట్ హెడ్డు కూడా వస్తాడు, నీ జాబ్ సంగతి నేను మాట్లాడతా. పట్టుచీర కట్టుకురా."

జాబ్ అన్నాక కట్టుకోక ఏం చేస్తాను?

సినిమా మూకీ. ఏదో యూరప్ నగరంలో, అక్కడివాళ్లు తాము ఏలుతున్న దేశాలన్నిటినీ తెచ్చి ఒక మైదానంలో పేర్చిన ఎగ్జిబిషన్. కంచెకు ఇవతల టోపీల దొరలు, అవతల మనవాళ్లు. ఒకావిడ రోట్లో దంచుతోంది. మా అమ్మమ్మ వడ్లు దంచగా చూసినదాన్ని, నాకు వెంటనే తెలిసిపోయింది. రోట్లో గింజ లేదు. పొట్టు లేవడం లేదు, రోకలి మాత్రం లేస్తోంది, పడుతోంది. ఆవిడ అలిసి ఆగితే పక్కనుంచి ఎవరిదో చెయ్యి వచ్చి, కానీ కానీ అని ఊపింది. తెర మీద 'దైనందిన జీవితం' అని అక్షరాలు. ఎవరి జీవితం, తీసినవాడి మొహం. నాకు ఒళ్లు మండిపోయింది.

పక్కన అంకుల్ మురిసిపోయారు. "చూశావా, మనోళ్లు అప్పుడే ఫారిన్ వచ్చేశారు."

సినిమా అయ్యాక బయట హాల్లో కార్పెట్ మీద నల్లచెక్క పరిచారు. తెల్లారి వాకిట్లో వేసుకునే ముగ్గు, సాయంత్రం వైన్ గ్లాసుల మధ్య మొదలుపెట్టాను. హెడ్డు కెమెరాతో వచ్చాడు, వెనకే మరో ఇద్దరు ముగ్గురు కెమెరాలతో. "వెరీ ట్రెడిషనల్ గర్ల్," అని అంకుల్ పరిచయం చేశారు. ఉద్యోగం ఊసే లేదు. నేను లేచి, ప్రోగ్రామర్నని, కోబాల్ భాషలో పనిచేశానని ఇంగ్లీషులో చెప్పాను.

"బాగుంది, బాగుంది. కూర్చోండి, ఫోటో ఇంకా అవలేదు," అన్నాడాయన.

పిండి డబ్బా కింద పెట్టేశాను. "నేను వెళ్తున్నా అంకుల్."

ఆయన నా వంక చూడనైనా లేదు. వెనక్కి తిరిగి భార్యను పిలిచారు. "నువ్వు కూర్చోవే. వాళ్లు వెయిట్ చేస్తున్నారు."

ఆవిడ ఇక్కడే ఒక హైస్కూల్లో లెక్కల టీచరు. కొంగు సర్దుకుని, నేను వదిలేసిన చుక్క దగ్గర మొదలుపెట్టింది. కెమెరాలు మళ్లీ క్లిక్కుమన్నాయి. మనిషి మారిందని ఎవరూ గమనించలేదు.