పురుగు ముట్టిందన్న మాట

నిన్న మధ్యాహ్నం భోజనం ముగించి కుర్చీలో నడుం వాల్చానో లేదో, ఇల్లందు దగ్గర దవాఖానాలో కొత్తగా డాక్టరుగా చేరిన నా మనవరాలు ఫోన్ చేసింది. పేషెంట్లు మరీ చిన్నచిన్న వాటికి వస్తున్నారని నవ్వుతూ, పత్తి చేలో పురుగు ముట్టిందని ఇప్పుడే ఒకామె వచ్చిందనీ, పూతమందు రాసి పంపించేశాననీ చెప్పింది. కుర్చీలోంచి లేచిపోయాను. ఏ పురుగో అడిగావా, ఆమె కనురెప్పలు చూశావా అని అరిచాను. పిల్ల బిత్తరపోయి, ఆమెను వెనక్కి పిలుస్తానంటూ ఫోన్ పెట్టేసింది. అది మళ్లీ మోగేదాకా నా మనసు ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందో నా ఈడు వాళ్లకు చెబితేనే అర్థమవుతుంది.

వరంగల్‌లో వైద్యం చదివే రోజుల్లో మా ప్రొఫెసరుగారంటే నాకు ఎంత భయమంటే, వార్డు మెట్ల మీద ఆయన బూట్ల చప్పుడు వినపడగానే చదివిందంతా మరిచిపోయేదాన్ని. ఒకసారి ఒక ముసలాయన గాబరైతందని చెబితే, ఆయనకేదో భయం పట్టుకుందని ఇంగ్లీషులో చక్కగా రాసిపెట్టాను. ప్రొఫెసరుగారు ఆ కాగితం కిటికీలోంచి విసిరేసి, నాచేతనే తెప్పించి, గాబరా అంటే ఏమిటో ఆ పెద్దాయననే అడగమన్నారు. గుండె దడదడలాడి ఊపిరి అందకపోవడమట! రోగి మాటకు అర్థం రోగినే అడగాలి గాని మన పుస్తకాన్ని కాదని అందరి ముందూ ఆయన తిట్టిన తిట్లకు వారం రోజులు హాస్టల్లో ఏడ్చాను.

చదువయ్యాక నన్ను భద్రాచలం అడవి అంచున ఒక చిన్న దవాఖానాలో వేశారు. ఖమ్మం పట్నంలో పెరిగినదాన్ని, చెట్లు గుబురుగా కనిపిస్తేనే బెదిరేదాన్ని. ఎండాకాలం ఒక పొద్దున, బీడీల తునికాకు కోయడానికి వెళ్లిన భార్యను వెంటబెట్టుకుని ఒకతను వచ్చి, పురుగు ముట్టింది డాక్టరమ్మా అన్నాడు. వేలు కొంచెం వాచింది. ఏ కందిరీగో అనుకుని మాత్రలు రాసి పొమ్మన్నాను. వాళ్లు వరండా దాటారు. తరువాతి రోగిని పిలవబోతుంటే, ఆనాడు కిటికీ అవతల గిరికీలు కొడుతూ పడిన ఆ కాగితం కళ్ల ముందు మెదిలింది. అయ్యో, అడగలేదే అనుకుంటూ పరుగెత్తి, ఏ పురుగని అడిగాను. అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"దాని పేరు తియ్యొద్దమ్మా. పడగ ఇప్పింది. గిప్పుడేమో ఈమె నిద్రొస్తంది అంటున్నది."

ఆమె రెప్పలు అప్పటికే వాలిపోతున్నాయి. అది నిద్ర కాదు, విషం. పేరు పలికితే మళ్లీ వస్తుందని పామును పురుగంటారన్న సంగతి, అంత చదువు చదివిన నాకు అప్పటిదాకా తెలియదు. ఉన్న విరుగుడు మందంతా ఎక్కించాం. ఊపిరి సన్నగిల్లుతుంటే జీపులో ఆమె తల దగ్గర కూర్చుని, భద్రాచలం పెద్ద దవాఖానా చేరేదాకా రబ్బరు సంచి నొక్కుతూ గాలి పంపాను. ఆమె బతికింది. భర్త నా కాళ్లకు మొక్కబోతే సిగ్గుతో వెనక్కి జరిగాను. మొదట పంపించేశానన్న మాట రిజిస్టర్‌లో రాయలేదు, ఇంట్లోనూ చెప్పలేదు.

ఫోన్ మోగింది.

"నిజంగ పురుగే అమ్మమ్మా, గొంగళిపురుగు! ఉత్తగనే భయపెట్టినవ్."

నవ్వుతూనే, అంత భయమెందుకని అడిగింది. ఇన్నేళ్లూ దాచుకున్నదంతా చెప్పేశాను.

ఇప్పుడు అంబులెన్సులొచ్చాయి, మందులొచ్చాయి, కాలేజీలో ఎవరూ కాగితాలు విసరరట, పిల్లలు బెరుకు లేకుండా మాట్లాడుతున్నారు. మంచిదే, మా ఏడుపులు వాళ్లకొద్దు. అడవి ఊళ్లలో మాత్రం పాము ఇప్పటికీ పురుగే. నా కథంతా విన్న మనవరాలు, ఇక నుంచి ఏ పురుగో అడుగుతా అమ్మమ్మా అంది. ఆ గొంతులో బెరుకు విని నా ప్రాణం ఉసూరుమంది, అయినా రాత్రి మాత్రం నిశ్చింతగా నిద్రపోయాను.