పాత అంబాసిడర్ బేరంలో ప్రార్థన

కొత్త కారు కొని కంపెనీల వాయిదాలకు బానిసను కానని ఊరంతా చాటినవాణ్ని నేను. అందుకే ఇవాళ మా అండమాన్‌లోనే, బాంబూఫ్లాట్ అనే ఊళ్లో ఒక పాత అంబాసిడర్ చూడడానికి వెళ్లాను. అమ్మను ఫెరార్‌గంజ్ నుంచి వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి పోర్ట్ బ్లెయిర్ తీసుకెళ్లాలి. బండి దారిలో ఆగితే కుదరదు.

అమ్మేది మా చర్చి సంఘ పెద్ద. కొత్త పెయింటు మెరుపు చూడగానే నాకు అనుమానం వచ్చింది.

"కింద తుప్పేమైనా ఉందా అంకుల్?"

"జంగ్ గింగ్ ఏం లేదు బాబూ, ఏక్‌దమ్ ఫస్ట్ క్లాస్! రా, ప్రార్థన చేసుకుని బేరం మాట్లాడుకుందాం."

మావాళ్లు ఏది కొన్నా, అమ్మినా ముందు ప్రార్థన చేస్తారు. నా నోరు మూయించడానికే ప్రభువును పిలుస్తున్నాడనిపించి, నేను కళ్లు మూసుకోలేదు.

ఆయన మాత్రం గట్టిగా మూసుకుని, "ప్రభువా, డ్రైవర్ సీటు కింద తుప్పుకి రేకు అతికించాను, నీకు తెలుసు కదా. ఈ బిడ్డనీ, వాళ్లమ్మనీ దారిలో కాపాడు తండ్రీ, ఆమెన్" అన్నాడు. వెంటనే నావైపు తిరిగి, "మరి ఎంతిస్తావ్ బాబూ?" అన్నాడు.

ఒళ్లు మండి, బండి వద్దని వచ్చేశాను. ఆయన ఆ మాట నాకు వినబడాలనే పైకి చెప్పాడా, లేక ప్రార్థనలో చెప్పింది బేరంలో లెక్కకు రాదనుకున్నాడా? మీరేమంటారు?