నలభై ఏడో నంబరు పెంకు

లిటిల్ హార్న్‌బీ ఊళ్ళో క్లెమెంట్ హాక్స్‌బీ అడ్డు చెప్పని పని ఒక్కటీ జరగలేదు. బస్‌స్టాపుకి పైకప్పు వేస్తామంటే ఊరి పాత అందం పోతుందన్నాడు. బడిపిల్లలు పరుగుపందెం పెట్టుకుంటే పచ్చిక నలుగుతుందన్నాడు. ఊరి చరిత్ర సంఘానికి పద్దెనిమిదేళ్ళుగా ఆయనే అధ్యక్షుడు. సభ్యులు ముగ్గురు. వాళ్ళలో ఒకాయనకి చెవులు వినబడవు కాబట్టి ఆయన ఒక్కడే సమావేశం చివరిదాకా కూర్చునేవాడు.

అలాంటి మనిషి పక్కింట్లో విన్నీ టాప్సెల్, మోకాళ్ళు మెట్లెక్కనివ్వడం లేదని, తన ఆపిల్ తోట చివర మెట్లులేని చిన్న ఇల్లు కట్టుకుంటానని అర్జీ పెట్టుకుంది. ఆ ఇల్లు లేస్తే క్లెమెంట్ వంటింటి కిటికీలోంచి కనబడే చర్చి గోపురం మూసుకుపోతుంది. ఆ మాట మాత్రం ఆయన ఎక్కడా రాయలేదు. మొదట తోటలో గబ్బిలాలున్నాయని రాశాడు. తనిఖీకి వచ్చినవాళ్ళకి ఒక్కటీ కనబడలేదు. మురుగు పారదన్నాడు. పారింది. చివరికి ఆ నేల కింద రోమన్ల కాలంనాటి భవంతి ఉందని పదకొండు పేజీలు రాశాడు. జిల్లా ఆఫీసువాళ్ళు చదవలేక, ఇల్లు కట్టేముందు మూడు కందకాలు తవ్వి చూసుకోమన్నారు.

తవ్వకాలమ్మాయి టామ్‌సిన్ ఒక జేసీబీతో, ఇద్దరు తోటివాళ్ళతో దిగింది. రెండురోజుల్లో రెండు కందకాలు తవ్వితే దొరికినవి మట్టి పైపు ముక్కలు, పువ్వుల సాసరు పెంకులు, ఒక బొమ్మ కాలు. క్లెమెంట్ గంటకోసారి కంచె మీంచి తల పెట్టేవాడు.

"ఏం అమ్మాయ్, భవంతి తగిలిందా?"

"లేదండీ. బొమ్మ రెండోకాలు తగిలితే మాత్రం మీకే ముందు చెప్తాను."

విన్నీ గుమ్మంలో టీ తాగుతూ అందుకుంది. "రోమన్లు నీకు చెప్పకుండా ఖాళీ చేసినట్టున్నారు క్లెమెంట్. పాపం, అభ్యంతరం రాసుకోడానికైనా టైమివ్వలేదు."

మూడోనాడు మూడో కందకం. అందులోనూ ఏమీ లేకపోతే సాయంత్రానికి ఇంటికి అడ్డు తొలగిపోతుంది. క్లెమెంట్ తన అద్దాల బీరువా తెరిచాడు. నలభైఏళ్ళు భార్య మ్యూరియల్‌తో కలిసి పొలాల్లో ఏరుకొచ్చిన పెంకులు అందులో వరసగా ఉన్నాయి. ఎర్రగా నిగనిగలాడే రోమన్ గిన్నె ముక్క ఒకటి తీశాడు. లోపలివైపు మ్యూరియల్ సన్నటి సిరాతో వేసిన నంబరుంది. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. చాకు మొనతో నంబరు గీకేసి, పెంకుకి మట్టి పులిమాడు.

మధ్యాహ్నం వాన పడుతుంటే తవ్వేవాళ్ళు వ్యానులో కూర్చుని తిండి తింటున్నారు. డెబ్భైరెండేళ్ళ అధ్యక్షుడు ప్యాంటు చింపుకుని కంచె దాటాడు. పెంకుని కందకం గోడలోకి బొటనవేలితో నొక్కి, వచ్చిన దారినే పోయాడు.

గంట తర్వాత గేటులోంచి దర్జాగా నడిచొచ్చాడు. "అదేంటమ్మాయ్, అక్కడ ఎర్రగా?"

టామ్‌సిన్ వంగి చూసింది. "చూపు భలే ఉందండీ మీకు. అదీ కళ్ళజోడు లేకుండా."

దొరికినవన్నీ విన్నీ వంటింటి బల్లమీద, ప్లాస్టిక్ బేసిన్లో పాత టూత్‌బ్రష్షుతో కడుగుతున్నారు. క్లెమెంట్ ఆ భవంతి వేణ్ణీళ్ళ గది ఎటువైపుందో వివరిస్తున్నాడు. ఇంతలో టామ్‌సిన్ బ్రష్షు ఆగింది. పెంకు విరిగిన అంచుమీద చీమంత అంకెల్లో నలభై ఏడు అని ఉంది.

"రోమన్లు మన అంకెలు వేసేవాళ్ళాండీ?" అంది అమాయకంగా.

విన్నీ మెల్లిగా లేచి, అలమరలోంచి నాలుగేళ్ళుగా మూత తియ్యని రేగుపళ్ళ జాం సీసా తెచ్చి పెంకు పక్కన పెట్టింది. మూతమీద నంబరు, అడుగున మళ్ళీ అదే నంబరు. ఏడంకెకి అదే తోక.

"మ్యూరియల్ ఏదైనా రెండుచోట్ల రాసేది. ఒకటి చెరిగినా రెండోది ఉంటుందని. నలభైఏళ్ళు కాపరం చేశావు, అదైనా తెలీదా?"

క్లెమెంట్ పెంకు చేతిలోకి తీసుకుని, అంచుమీది అంకెల్ని వేలితో తడిమాడు.

"కాగితంలో ఏం రాయమంటారు?" అంది టామ్‌సిన్.

"పక్కింటి పెంకు ఇటు పడిందని రాయి తల్లీ," అంది విన్నీ. " నిజమేగా."

"గోపురం," అన్నాడు క్లెమెంట్. "మ్యూరియల్ గిన్నెలు తోముతూ అటే చూసేది."

"ఆ ఒక్క మాట రావడానికి గబ్బిలాలు, మురుగు, రోమన్లు ఇంతమంది కావాల్సొచ్చారా? మొదట్లోనే అడిగుంటే అవతలి మూల కట్టుకునేదాన్ని. ఇప్పుడు తవ్వించి, ఇక్కడ ఏమీ లేదని సర్కారు చేత రాయించిపెట్టింది నువ్వే. అటు జరిగితే అక్కడా మళ్ళీ తవ్వాలి. నా మోకాళ్ళు అన్నాళ్ళు ఆగవు."

క్లెమెంట్ పెంకు పట్టుకుని ఇంటికొచ్చి, దాన్ని దాని చోట్లో పెట్టబోయి ఆగాడు. సిరా పెన్ను తీసి, లోపల గీకేసిన చోట నంబరు మళ్ళీ వేశాడు. తోక కుదరక ఏడంకె ఒకటిలా వచ్చింది. అంచుమీదిది కనబడేటట్టు పెంకుని పక్కకి తిప్పిపెట్టి, బీరువా మూశాడు.

చరిత్ర సంఘం తరవాతి సమావేశంలో బస్‌స్టాపు పైకప్పుకి ఆయన ఏ అడ్డూ చెప్పలేదు. చెవులు వినబడనాయన, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.