నురగక్క చూడని ఎలుగుబంటి

వీధి చివర లాండ్రీ నడిపే ఆవిడను అందరూ నురగక్క అనేవారు. అన్న వేరే ఊరికి కాపురం మారుస్తూ అప్పగించిన దుకాణం అది. వెనక గదిలో రెండు పెద్ద మెషిన్లు, ముందు గదిలో ఇస్త్రీ బల్ల, మధ్యలో మనిషి పక్కకు తిరిగితే తప్ప పట్టని దారి. అందులో అటూ ఇటూ తిరుగుతుండగానే ఆవిడకు యాభై దాటాయి. పెళ్లి మాటెత్తిన వాళ్లతో, "ఇంతమంది మగాళ్ల చొక్కాలు ఉతుకుతున్నాను, ఇంకొకడివి కూడా ఎందుకు?" అనేది. చివరి జాడింపులో పోసే సెంటు నీళ్లు ఆవిడే కలుపుకునేది. ఆవిడ ఉతికిన దుప్పటిని కళ్లు మూసుకుని పోల్చుకోవచ్చని ఆ వీధిలో పేరు.

పై అంతస్తులో ఉండే డ్రాయింగు టీచరు ఆవిడకు ప్రాణ స్నేహితురాలు. టీచరుకు చూపు సన్నగిల్లుతోంది. వచ్చే ఏటికి ఎదుటి మనిషి ముఖం ఆనవాలు పట్టడమే కష్టమని డాక్టరు చెప్పేశాడు. ఈలోగా అడవిలో తిరిగే ఎలుగుబంటిని ఒక్కసారి కళ్లారా చూడాలని టీచరు కోరిక. నురగక్క ఆ మాట పట్టుకుని వదల్లేదు. టీచరు వదినను కూడా కలుపుకుని ముగ్గురూ ఎలుగుబంట్లుండే అడవికని పొరుగు దేశానికి బయల్దేరారు. ముందురోజు ముగ్గురి బట్టలూ, కోట్లతో సహా, నురగక్కే ఉతికింది. ప్రయాణం కదా అని సెంటు నీళ్లు మామూలుకంటే ఇంకాస్త ఎక్కువే పోసింది.

అడవి అంచున, జంతువులకు కనపడకుండా కూర్చోవడానికి కట్టిన చెక్కగది ఉంది. తొలి సాయంత్రం ముగ్గురూ అందులో దగ్గు కూడా దిగమింగుకుని కూర్చున్నారు. ఎలుగుబంటి మాట అటుంచి, నక్క కూడా తొంగిచూడలేదు. బయటికొచ్చాక గైడు మొహమాటపడుతూ, వాసన తగిలితే జంతువులు రావని చెప్పి, సెంటు ఎవరు పూసుకున్నారని అడిగాడు. ఎవరమూ పూసుకోలేదని నురగక్క గట్టిగానే చెప్పింది.

"ఆయన అడిగేది నీ ఉతుకు గురించి అక్కా," అంది వదిన. "బస్సులో పక్క సీటాయన తుమ్ముతూనే దిగిపోయాడు, చూళ్లేదూ?"

నురగక్క కోటు కాలరు ముక్కుకు ఆనించుకుంది. ఏమీ తెలియలేదు. ఏళ్ల తరబడి ఆ గాలే పీల్చిన ముక్కుకు ఆ వాసన ఎప్పుడో అందకుండా పోయింది.

ఇక మిగిలింది ఒక్క సాయంత్రం. పొద్దున్నే ఆవిడ గెస్ట్‌హౌసు బాత్‌రూములో చేరి కోట్లను వేణ్నీళ్లలో జాడించి, పిండి, మళ్లీ జాడించింది. పిండిన ప్రతిసారీ వదిన వాసన చూసి తల అడ్డంగా ఊపింది. చివరికి గైడే కట్టెల కొట్టులోంచి పొగచూరిన పాత కోట్లు తెచ్చి ముగ్గురికీ తొడిగించాడు. కారెక్కే ముందు ఒక్కొక్కరి దగ్గరా ఆగి గాలి పీల్చాడు. నురగక్క దగ్గరకొచ్చేసరికి చెట్లవైపు చూశాడు. ఆవిడ జుట్టులోనూ అరచేతుల్లోనూ ఇంకిపోయిన వాసన ఏ కోటు కింద దాగుతుంది?

మీరిద్దరూ వెళ్లి రండి అంది నురగక్క. అప్పటికే కారెక్కిన టీచరు దిగబోయింది.

"నువ్వు లేకుండా నేను చూసేదేంటే? వచ్చింది నీ వల్ల కదా."

"మనం వచ్చింది నా వల్లే, అది రానిదీ నా వల్లే. కూర్చో."

కారు వెళ్లాక ఆవిడకు కాలు నిలవలేదు. గెస్ట్‌హౌసులో ఆరేసిన తువ్వాళ్లన్నీ ఎవరూ అడక్కుండానే తీసి మడతపెట్టింది.

చీకటి పడుతుండగా కారు తిరిగొచ్చింది. తల్లి, వెనకే రెండు పిల్లలు, వాగు దాటి వచ్చాయంటూ వదిన దిగుతూనే మొదలెట్టింది. నురగక్క ఆమెను దాటుకుని టీచరు ఎదుట నిలబడింది.

"నీకు కనపడిందా, లేక నా కోసం కనపడిందంటావా?"

"ముందు రాయి అనుకున్నానే," అంది టీచరు. "కాసేపటికి ఆ రాయి వీపు గోక్కుంది."

నురగక్క ఆమె చేయి పట్టుకుని మెట్ల మీద కూర్చోబెట్టింది. ఆ తర్వాత ఎలుగుబంటి చెట్టుకు ఆనుకుని ఎలా రుద్దుకుందో వదిన చూపించబోయింది.

"నువ్వాగు," అంది నురగక్క. "దీన్నే చెప్పనీ."