పేరు అరువిచ్చిన ఖాసింబీ టీచరు గారు

షేక్ ఖాసింబీ టీచరు గారు మనల్ని విడిచి ఇంకా రెండు నెలలు నిండలేదు. ఒక శుక్రవారం ఉదయం వారి అబ్బాయి జానీ బాషా ఫోన్ చేసి, "అన్నా, అమ్మ పోయిందన్నా" అన్నాడు. నిద్రలోనే గుండె ఆగిందట. ముందురోజు సాయంత్రమే ఆవిడ నాకొక పని పురమాయించారు. నేను నడిపే సర్వరులో దర్శి నుంచి కొత్తగా చేరినాయన తేనెటీగలు పెంచుతాడట, ఆ ముచ్చట్లు చెప్పుకునేవాళ్ళు ఏ దేశంలో ఉన్నా సరే పట్టుకుని మన దగ్గరికి రప్పించమన్నారు. అంత ఆరోగ్యంగా, అంత అధికారంగా మాట్లాడిన మనిషి తెల్లవారేసరికి లేరంటే నమ్మడం నా వల్ల కాలేదు. ఆ మధ్యాహ్నం నమాజు తర్వాత చిలకలూరిపేట ఖబరస్తానులో ఆవిడ భౌతికకాయాన్ని మట్టికి అప్పగించి వచ్చాం.

వినుకొండ, దర్శి, చిలకలూరిపేట ఉన్నత పాఠశాలల్లో ముప్పయ్యేళ్ళకు పైగా తెలుగు చెప్పిన విదుషీమణి ఆవిడ. పద్యం చదివే తీరునూ, ళకారం ణకారం సరిగా పలకనివాణ్ణి నిలబెట్టి పలికించిన తీరునూ శిష్యులెందరో తలుచుకుంటున్నారు. నేనూ ఆ శిష్యకోటిలో ఒకణ్ణే, ఎక్కువ రోజులు నిలబడ్డవాణ్ణే. అయితే పదవీ విరమణ తర్వాత ఆవిడ చేసిన ఇంకొక ఉద్యోగం సంగతి చాలామందికి తెలియదు. జీతం లేని ఆ ఉద్యోగం మా సర్వరులో చేశారు. దాని గురించి రాయగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే కనక రాస్తున్నాను.

స్పిన్నింగు మిల్లులకు లెక్కల సాఫ్ట్‌వేరు చూసిపెట్టడం నా వృత్తి. దాంతో పాటు, పిచ్చి అనండి, వ్యసనం అనండి, ఒక చిన్న సామాజిక మాధ్యమ సర్వరు నడుపుతున్నాను. పెద్ద కంపెనీల సొత్తు కాని మాధ్యమం ఇది. లోకమంతటా ఇలాంటి చిన్న సర్వర్లు కొల్లలుగా ఉన్నాయి. ఎవరిది వారిదే, కానీ ఒకచోట రాసిన మాట ఇంకొకచోటికి అందుతుంది. మాది గుంటూరు, ప్రకాశం జిల్లాల తెలుగువాళ్ళ కోసం పెట్టుకున్నది. సభ్యులందరినీ కూర్చోబెడితే పెళ్ళిలో రెండు బంతులకు సరిపోతారు.

ఆవిడ చేరిన రోజు నాకు బాగా గుర్తు. ఖాతా తెరిచి ఇచ్చి ఇంటికి వచ్చానో లేదో ఫోను. "ఏరా శ్రీనూ, ఇందులో ఏమీ లేదేమిట్రా? తెల్లకాగితం చేతికిచ్చి పోయావు" అన్నారు. మిగతా చోట్ల కంపెనీవాడే మన ఇష్టాయిష్టాలు కనిపెట్టి వద్దన్నా వడ్డిస్తాడనీ, ఇక్కడ వడ్డించేవాడు లేడనీ, ఏ సమూహం కావాలన్నా మనమే వెతికి పట్టుకుని అనుసరించాలనీ, అంటే ఫాలో కావాలనీ చెప్పాను. ఈ మాట వినగానే చాలామంది మర్నాటి నుంచి కనిపించరు. ఆవిడ మాత్రం, "బదిలీ మీద కొత్త ఊరు వెళ్ళినట్టుంది. సరే, నే చూసుకుంటాలే" అన్నారు.

నిజంగానే కొత్త ఊళ్ళో అద్దె ఇల్లు వెతికే మనిషిలాగే వెతికారు. జనం ఎక్కువ ఉన్నారని ఏ సమూహాన్నీ లెక్కచేసేవారు కాదు. ఒకచోటికి వెళ్ళి, నోరు మెదపకుండా కొన్నాళ్ళు చదివేవారు. ఎవరో కొత్తవాడు వచ్చి అమాయకంగా ఏదో అడుగుతాడు చూడండి, దాని కోసం కాచుకునేవారు. వాణ్ణి అక్కడివాళ్ళు ఎగతాళి చేస్తే ఆ చోటికి స్వస్తి చెప్పేవారు. ఓపికగా జవాబిచ్చినవాడు కనిపిస్తే, ఆ మనిషి ఇంకా ఎవరెవరితో మాట్లాడుతున్నాడో చూసి అక్కడికి వెళ్ళేవారు. అలా ఒకరి వెంట ఒకరిని పట్టుకుని ఎక్కడెక్కడికో పోయేవారు. "తెలియనివాడికి జవాబిచ్చే మనిషి ఒక్కడుంటే చాలురా, ఆ ఊళ్ళో కాపురం పెట్టొచ్చు" అనేవారు. ఇంగ్లీషులో ఉన్నవాటిని నిఘంటువు పక్కన పెట్టుకుని మరీ చదివారు.

క్రమేణా కొత్త సభ్యులు ఎవరొచ్చినా ఆవిడ చేతిలో పడటం మొదలైంది. నీకేమిష్టం అని అడిగితే ప్రతివాడూ సినిమాలు, క్రికెట్టు అంటాడని ఆవిడకు తెలుసు. అందుకని మొన్న ఆదివారం ఏం చేశావని అడిగేవారు. పిల్లల ఇష్టాలు ఆరా తీసే పెళ్ళిళ్ళ పేరయ్య కూడా ఇంత కూలంకషంగా అడగడు. వినుకొండ పక్కనుంచి వచ్చిన ఒక రైతు మిరపతోటలో తామర పురుగు గురించి అడగడానికి చేరితే, మాటల్లో అతను పాత రేడియోలు విప్పి బిగిస్తాడని రాబట్టి, రెండు చోట్లకూ దారి చూపించారు. పురుగు సంగతి ఏమైందో గానీ, రేడియోల దగ్గర ఆయన ఇవాళ పెద్దమనిషి.

పొరపాట్లు చేయలేదని కాదు. మా సుబ్బారావు జిన్నింగు మిల్లులకు పత్తి కొనిపెట్టే మనిషి, నోరు పెద్దది, మనసు మంచిది. ఆయన కోసం పత్తి పేరున్న సమూహమొకటి ఘనంగా వెతికి తెచ్చారు. తీరా చూస్తే అది ఏదో చలిదేశంలో బొంతలు కుట్టుకునే ఆడవాళ్ళ సమూహం. నేను నవ్వాను. టీచరు గారు నొచ్చుకుని వేరేది చూస్తానన్నారు. సుబ్బారావు మాత్రం కదల్లేదు. వాళ్ళమ్మ పాతచీరలతో కుట్టిన బొంత ఫోటో పెడితే ఆ ఆడవాళ్ళు మురిసిపోయి ఒకటే ప్రశ్నలు అడిగారట. ఇంట్లో ఉన్న బొంతలన్నీ ఒకటొకటిగా ఎండలో పరిచి ఫోటోలు తీస్తూ ఆయన అక్కడే స్థిరపడిపోయాడు.

ఇక్కడ మా సర్వరు స్వభావం ఒకటి చెప్పాలి, లేకపోతే తర్వాతి కథ అర్థం కాదు. బయటి సమూహం ఏదైనా మా దగ్గరికి రావాలంటే, మా సభ్యుల్లో కనీసం ఒకరు దాన్ని అనుసరిస్తూ ఉండాలి. ఒక్కరున్నా చాలు, అందరూ చదువుకోవచ్చు. ఆ ఒక్కరూ మానేస్తే రావడం ఆగిపోతుంది. వీధిలో ఒక ఇంటివాళ్ళు పేపరు వేయించుకుంటే నాలుగిళ్ళవాళ్ళు చదువుకున్నట్టు. మా వాళ్ళు ఆ నాలుగిళ్ళవాళ్ళు, టీచరు గారు పేపరు వేయించుకున్న ఇల్లు. ఆవిడ అన్నీ అనుసరిస్తున్నారు గదా అని మేమెవరం ఏదీ అనుసరించేవాళ్ళం కాదు. మా దగ్గర మారుపేర్లు చెల్లవు, ఎవరు దేన్ని అనుసరిస్తున్నారో బయటివాళ్ళతో సహా అందరికీ కనిపిస్తుంది కూడా. ఒంగోలు గిత్తల దగ్గర నుంచి గడియారాల మరమ్మతు దాకా అన్నింటి కిందా ఆవిడ పేరే.

అలాంటి ఒక సమూహం కింద ఆవిడ పేరు చూసి మేమందరం కంగారుపడ్డాం. అది తాగుడు మానేయాలని ప్రయత్నిస్తున్నవాళ్ళ సమూహం. ఎక్కడెక్కడివాళ్ళో ఇంగ్లీషులో, ఇవాళ తాగలేదని ఒకరు, తాగేశానని ఇంకొకరు రోజూ రాసుకుంటారు. ఐదు పూటలా నమాజు చేసే ఖాసింబీ గారికి దీనితో పనేమిటని గుసగుసలు బయల్దేరాయి. సుబ్బారావైతే అందరి ముందూ, టీచరు గారూ ఎప్పుడు మొదలుపెట్టారు, ఎప్పుడు మానేస్తున్నారు అని రాశాడు. "మీరూ వచ్చి చేరండి సుబ్బారావు గారూ, ఇద్దరం కలిసి మానేద్దాం" అని ఆవిడ జవాబు. ఆ తర్వాత ఆయన ఆ ఊసెత్తలేదు.

నేను మాత్రం ఒకరోజు వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఉండబట్టలేక అడిగాను. ఆవిడ టీ గ్లాసు నా చేతికిచ్చి, నింపాదిగా చెప్పారు. "మనలో ఒకరు అది రోజూ చదువుతున్నారు. చదువుతున్నన్నాళ్ళూ ముట్టుకోవడం లేదు. తన పేరు పెట్టుకుంటే ఊరంతా తెలుస్తుందని భయం. ఎవరో ఒకరి పేరు ఉండాలి గదరా, నాదైతే ఏం పోయింది?" ఆ ఒకరు ఎవరని అడగబోతుంటే, అది నీకెందుకన్నట్టు చూశారు. తరగతి గదిలో ఎరిగిన చూపే కనక అక్కడితో ఊరుకున్నాను. ఆవిడ కూడా అప్పుడప్పుడు అక్కడ జవాబులు రాస్తారని తర్వాత తెలిసింది.

ఆవిడ పోయిన పదిహేను రోజులకు జానీ బాషా మా ఇంటికి వచ్చాడు. గుంటూరు మిర్చియార్డులో కమీషను వ్యాపారం అతనిది, మాట పోతే వ్యాపారం పోయే చోటు. అమ్మ ఖాతా తీసేయమని అడిగాడు. విషయం ఏమిటంటే, బంధువులెవరో ఆవిడ ఫోటో కోసం ఆ పేజీ తెరిచి, తాగుడు సమూహం కింద ఆవిడ పేరు చూశారు. నరసరావుపేటలో ఒకావిడ ఏకంగా, మీ అమ్మకు ఇదేమిటి నాయనా అని అతన్నే అడిగిందట. చనిపోయిన తల్లి మీద అలాంటి మాట పడితే ఏ కొడుకు సహిస్తాడు? నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థనల లోపు ఆవిడవి ఒక్క అక్షరం కూడా మిగలకూడదన్నాడు.

నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ పేరు తీసేస్తే ఆ సమూహం మాకు రావడం ఆగిపోతుంది, దాన్ని పట్టుకుని నిలబడ్డ మనిషి ఒకరున్నారు, ఆ మనిషి ఎవరో నాకు తెలియదు, వెళ్ళి చెప్పే వీలు కూడా లేదు. జానీ మొహం ఎర్రబడింది. "ఎవడో తాగుబోతు పరువు కోసం మా అమ్మ పేరే దొరికిందా అన్నా?" అన్నాడు. అతని బాధ న్యాయమైనదే. కొడుకు అడిగాక తీసేయడం నా ధర్మం కూడా.

సరేనని, ఖాతా మూసేముందు అందరికీ ఒక మాట రాశాను. టీచరు గారు అనుసరిస్తున్నవన్నీ ఆవిడతో పాటే ఆగిపోతాయి, ఎవరికి ఏది కావాలో వారు ఇప్పటినుంచి అనుసరించండి అని. ఆవిడ బతికుండగా ఎన్నిసార్లు చెప్పినా విననివాళ్ళు అప్పుడు పరుగెత్తుకొచ్చారు. గిత్తలు ఒకరు, గడియారాలు ఒకరు, తామర పురుగు పదిమంది. రోజులు గడిచేకొద్దీ ఆవిడ ఒక్కరి పేరే ఉన్న సమూహాలు తగ్గిపోతూ వచ్చాయి. చివరికి తాగుడు మానేవాళ్ళది మిగిలింది. దాని దగ్గరికి ఎవరూ రాలేదు. నేనే అనుసరిద్దామని రెండు మూడుసార్లు తెరిచాను. మిల్లు యజమానులు చూస్తే ఏమనుకుంటారో అని ప్రతిసారీ మూసేశాను. నాదైతే ఏం పోయిందని ఆవిడ అంత తేలిగ్గా అన్న మాట ఎంత బరువైనదో అప్పుడు తెలిసింది.

నలభయ్యో రోజు వాళ్ళింట్లో భోజనాలయ్యాక జానీ చేతులు తుడుచుకుంటూ నా పక్కకు వచ్చి కూర్చున్నాడు. ఆ సమూహాన్ని ఎవరైనా తీసుకున్నారా అని అడిగాడు. లేదన్నాను.

"నాకొక ఖాతా తెరువన్నా."

"నీ పేరుతోనా?"

"నా పేరే. వ్యాపారంలో ఎట్టా రాసుకుంటానో అట్టాగే, ఇంటిపేరుతో సహా పెట్టు. అమ్మ పేరు తీయమన్నవాణ్ణి నేనేగా."

అక్కడే కూర్చుని తెరిచి ఇచ్చాను. అతను అనుసరించినది ఆ ఒక్క సమూహాన్నే. అది వస్తోందని ఇద్దరం చూసి రూఢి చేసుకున్నాక, మాట ఇచ్చినట్టే టీచరు గారి ఖాతా మూసేశాను. ఆవిడ రాసినవన్నీ దాంతో పాటే పోయాయి. వాటిని దాచి ఉంచడం కొడుకుకిచ్చిన మాట తప్పడమే అవుతుందని ఏదీ చదవలేదు, ఏదీ ఉంచలేదు. ఆ రాత్రికి జానీ పేరు కింద నా పేరు చేరింది. తెల్లారేసరికి సుబ్బారావుది, రేడియోల రైతుది, ఇంకా చాలామందివి చేరాయి. చుక్క ముట్టనివాళ్ళే అందులో ఎక్కువ. ఆ ఒక్కరు ఆ పేర్లలో ఉన్నారో లేదో నాకు తెలియదు.

ఖాసింబీ గారి వంటి గురువులు అరుదు. ఆవిడ దగ్గర చదువుకున్నానని చెప్పుకోవడం నాకు గర్వకారణం, ఆవిడ లేని లోటు మా సర్వరులో పూడేది కాదు. ఇదంతా జానీ చదివి సరేనన్నాకే అచ్చుకిస్తున్నాను. పోయిన వారం అతను యార్డు నుంచి ఫోన్ చేశాడు. వెనక బస్తాలు దింపేవాళ్ళ కేకలు వినిపిస్తున్నాయి. ఆ సమూహంలో ఒకాయన ఏడాదిగా మానేసి నిన్న మళ్ళీ తాగానని రాశాడట, ఎవరూ ఇంకా పలకలేదట.

"అమ్మయితే ఏం రాసేదన్నా?"

ఆవిడ ఏం రాసేవారో చూసి చెబుదామంటే ఒక్క వాక్యం కూడా మిగల్లేదు. అతను అక్కడ, నేనిక్కడ చాలాసేపు ఆలోచించి, చివరికి ఒక మాటకు వచ్చాం. వచ్చి చెప్పారు, మంచిపని చేశారు, రేపు కూడా రండి అని రాశాడు జానీ. ఆవిడ ఇంతకంటే బాగా రాసి ఉండేవారని మా ఇద్దరికీ తెలుసు.