కరుణమ్మ గారు ఎంచుకున్న మాట

2022 వేసవి. విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. పక్షవాతం వచ్చినవాళ్ళలో కొందరికి అఫేసియా ఉంటుంది. అంటే మనసులో అన్నీ తెలుస్తుంటాయి, నోటికి మాట అందదు. అలాంటివాళ్ళకి ముందుగా నేర్పే మాటల జాబితా ఒకటి నా దగ్గర ఉండేది. నీళ్ళు, అన్నం, నొప్పి, ఇలాంటివి.

ఇబ్రహీంపట్నం నుంచి వచ్చిన కరుణమ్మ గారు రిటైరైన టీచరు. నా జాబితాలో ప్రతి మాటకీ తల అడ్డంగా ఊపారు. నాకు ఒళ్ళు మండింది. ఎందుకీ మొండితనమని ఆవిడ భర్త ఏసురత్నం గారిని అడిగాను.

"మైలవరంలో చెల్లెలుందండీ, సువార్త. తొమ్మిదేళ్ళ కిందట వాళ్ళమ్మ సమాధి దగ్గర ఈవిడే నోరు జారింది. నువ్వు సరిగ్గా చూడకే అమ్మ పోయిందని అందరి ముందూ అనేసింది. అప్పట్నుంచీ మాటల్లేవు. పోయిన నెల తప్పు ఒప్పుకుందామని బయల్దేరిందండీ, ఇంతలో ఇలా అయింది. మళ్ళీ స్ట్రోకు వస్తే కష్టమని డాక్టరు గారన్నారు కదా, ఆ మాట చెప్పకుండానే పోతానేమోనని ఆవిడ భయం."

"ఆవిడ తరఫున మీరే చెప్పెయ్యొచ్చు కదండీ?"

"చెప్తానన్నానండీ, ఒప్పుకోలేదు. పరలోకంలో అన్నీ సర్దుకుంటాయిలేమ్మా అన్నందుకు పాస్టరు గారి మీదే కళ్ళెర్రజేసింది. మేం నిత్యజీవం నమ్మేవాళ్ళం కదండీ. ఎప్పటికీ కలిసుండాల్సిన మనిషికి ఇక్కడ మొహం చాటేసి అక్కడెలా ఎదురుపడతాం?"

మాది పూజలూ వ్రతాలూ చేసుకునే రైతు కుటుంబం. పైలోకాన్ని నమ్ముకున్నవాళ్ళకి ఈ లోకం మీద పట్టింపు తక్కువని అనుకునేదాన్ని. "తప్పు నాదే అనాలా అమ్మా?" అని అడిగితే కరుణమ్మ గారు కళ్ళనీళ్ళతో తలూపారు. జాబితా పక్కన పెట్టేశాను.

ఎడమచేత్తో తాళంలా తడుతూ ఒక్కో అక్షరాన్నీ సాగదీసి పలికించడం మా పద్ధతుల్లో ఒకటి. ఆరు వారాలు అదే పని. ఒక రోజు "తప్పు" వచ్చేది, మర్నాడు పోయేది. నాకే విసుగొచ్చింది గానీ ఆవిడకి రాలేదు.

చివరికి ఏసురత్నం గారు కబురు పెడితే సువార్తమ్మ గారు వచ్చారు. వస్తూనే ఏడుస్తూ అక్కను పట్టుకున్నారు. కరుణమ్మ గారు "త... తప్పు" అన్నారో లేదో, చెల్లెలు ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇంక చాల్లే అక్కా. నేనెప్పుడో మర్చిపోయా."

నాకూ చాలనిపించింది. కరుణమ్మ గారికి చాల్లేదు. ఎడమచేత్తో ఆ చెయ్యి తీసేసి, చెల్లెలి భుజం మీద మెల్లగా తడుతూ పూర్తిచేశారు.

"నా... దే."

తర్వాత వరండాలో సువార్తమ్మ గారు నాతో అన్నారు. "మర్చిపోయానని అబద్ధం చెప్పానండీ. ఆ మాట చెవిన పడేదాకా ఒక్కరోజు కూడా మర్చిపోలేదు."

అర్థమైందిలే అని పేషెంటు మాటని మధ్యలో అందుకోవడం ఆ రోజుతో మానేశాను. నిత్యజీవం సంగతి నాకు తెలీదు. దాన్ని నమ్మిన కరుణమ్మ గారు మాత్రం ఇక్కడి మాటని ఇక్కడే పూర్తిచేశారు. అందుకు ఆవిడంటే నాకు ఇప్పటికీ ఎంతో గౌరవం.